సంక్రాంతి డబ్బాలు ఖాళీ అయ్యేదాకా నాన్న షుగర్ దిగదు. ఈసారి ఏం చేయాలి?

కోనసీమ_పిల్ల

మా నాన్నకి 61 ఏళ్ళు, షుగర్ వచ్చి తొమ్మిదేళ్ళయింది. మా ఊరు అమలాపురం దగ్గర. నేను హైదరాబాద్‌లో ఉంటాను. నిరుడు డిసెంబర్‌లో చేయించిన మూడు నెలల షుగర్ పరీక్షలో 7.1 వచ్చింది. డాక్టరు గారు మెచ్చుకున్నారు కూడా. ఫిబ్రవరి ఆఖర్లో మళ్ళీ చేయిస్తే 8.3. మందులు మారలేదు, పొద్దున్న నడక మానలేదు. మధ్యలో వచ్చింది సంక్రాంతి ఒక్కటే.

ఈసారి ఇంకా టెన్షన్‌గా ఉంది. చెల్లికి పెళ్ళయ్యాక ఇది మొదటి పండగ, కొత్త అల్లుడు వస్తున్నాడు. నెలగంట పెట్టిన రోజు నుంచే అమ్మ లెక్కలు వేస్తోంది. అరిసెలు రెండు వందలు, పోకుండలు, సున్నుండలు, జంతికలు, గోరుమిటీలు, కజ్జికాయలు. అల్లుడి కోసం ఆత్రేయపురం నుంచి పూతరేకులు విడిగా.

నిరుడు నేనొక తప్పు చేశాను. భోజనాల దగ్గర పదిమంది బంధువులు ఉండగా నాన్న ఆకులోంచి మూడో అరిసె తీసేశాను. ఆయన ఒక్క మాట అనలేదు. మజ్జిగన్నం తినకుండానే లేచి చెయ్యి కడుక్కున్నారు. ఆ మర్నాటి నుంచి రాత్రిపూట వంటింట్లో డబ్బా మూత చప్పుడు వినిపించేది. మళ్ళీ అలా చేయను. అలాగని చూస్తూ ఊరుకోలేను. మీ ఇళ్ళల్లో ఎలా సర్దుకుంటున్నారు?

పాలకొల్లు_శీను

ఏడాదికి మూడు రోజులు పండగండి. మూడు రోజులు తింటే ఎవరికీ ఏమీ కాదు. మిగతా 362 రోజులు జాగ్రత్తగా ఉంటే చాలు. పెద్దాయన్ని వదిలెయ్యండి, సంతోషంగా తిననివ్వండి.

వాణి_నర్సంపేట

శీను గారూ, మూడు రోజులని మీరంటున్నారు. మా ఇంట్లో సకినాలు పండగకు వారం ముందు మొదలవుతాయి, శివరాత్రి దాకా డబ్బాలో ఉంటాయి. పొద్దున చాయ్‌తో రెండు, సాయంత్రం టీవీ ముందు నాలుగు. మా మామయ్యకి షుగర్ ఉంది. "ఇది తీపి కాదు కదమ్మా" అని ధైర్యంగా తింటాడు. బియ్యప్పిండే కదా అది, పైగా నూనెలో వేయించింది. తీపి లేకపోతే షుగర్ పెరగదనే నమ్మకం ఎట్లా పోగొట్టాలో నాకు తెలియట్లేదు.

పాలకొల్లు_శీను

అది డబ్బా తప్పు, పండగ తప్పు కాదు :)

వాణి_నర్సంపేట

నేనూ అదే అంటున్నాను.

శారద_డైటీషియన్

శీను గారు సరదాగా అన్నా అసలు విషయం అందులోనే ఉంది. గుంటూరులో పదిహేనేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఏటా ఫిబ్రవరిలో నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చెప్పేది కోనసీమ_పిల్ల చెప్పిన కథే. ఆ మూడు నెలల పరీక్ష సుమారు రెండు మూడు నెలల సగటు. అందులో చివరి నెల వాటా ఎక్కువ. పండగ రోజు మధ్యాహ్నం ఒక్క భోజనం ఆ సగటును అంతలా కదపదు. పండగ వెళ్ళాక ఐదు వారాలు రోజూ తినే రెండు అరిసెలు కదుపుతాయి.

లెక్క చెప్తాను. మా ఇంట్లో అరిసెలు వండినప్పుడు తూచాను. మామూలు సైజు అరిసెలో ఇరవై గ్రాముల బియ్యప్పిండి, పదిహేను గ్రాముల బెల్లం, బాగా నొక్కినా ఆరేడు గ్రాముల నూనె ఉంటాయి. మొత్తం 190 కేలరీల దాకా వస్తుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి పైనుంచి వేసుకునే చక్కెర 25 గ్రాములు దాటకూడదు. అది ఆరోగ్యవంతుడి లెక్క. రెండు అరిసెలకే ముప్ఫై అయిపోయింది. ఇంకా కాఫీ తాగలేదు.

ఉష_బెజవాడ

కానీ బెల్లం వేరు కదండీ? పంచదార మానేసి బెల్లం వాడమని అందరూ చెప్తున్నారు. మా ఇంట్లో ఈసారి అన్నీ తాటిబెల్లంతో చేద్దామనుకుంటున్నాం.

శారద_డైటీషియన్

ఉష గారూ, రుచికి వాడుకోండి, ఆ వాసనకి నేనూ ఇష్టపడతాను. షుగర్ ఉన్నవాళ్ళకి మాత్రం బెల్లం, తాటిబెల్లం, తేనె, పంచదార అన్నీ ఒకే లెక్కలో వేయండి. బెల్లంలో కాస్త ఖనిజాలు ఉన్నాయన్నది నిజమే. ఆ కాస్త ఇనుము కోసం అంత తీపి తినక్కర్లేదు, తోటకూర ఉంది. "బెల్లమే కదా" అని ఒకటి తినేవాళ్ళు మూడు తినడమే నేను చూసిన నష్టం.

డల్లాస్_రవి

షుగర్ ఫ్రీ స్వీట్లు కొనిపెట్టొచ్చు కదా? ఇక్కడ ఇండియన్ షాపుల్లో దొరుకుతున్నాయి. మా నాన్న వచ్చినప్పుడు అవే పెట్టాం.

శారద_డైటీషియన్

పెట్టెమీద షుగర్ ఫ్రీ అని ఉన్నా లోపల కోవా, నెయ్యి, మైదా, జీడిపప్పు ఉంటాయి రవి గారూ. ఒక ముక్క దగ్గర ఆగితే పర్వాలేదు. ఆ పేరు చూసి ఎవరూ ఆగరు.

డల్లాస్_రవి

నిజమే. ఆ పెట్టె రెండు రోజుల్లో అయిపోయింది.

అత్తిలి_లక్ష్మి

కోనసీమ అమ్మాయీ, నీ పోస్టు చదివి మనసు అదోలా అయింది. ఆకులో పెట్టినది తీయకూడదమ్మా. కానీ నీ భయం నాకు తెలుసు, మా ఆయనా షుగర్ మనిషే.

నేను వండే మనిషిగా చెప్తున్నాను. అందరూ తినేవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. మీ అమ్మ రెండు వందల అరిసెలు ఎందుకు అనుకుంటోందో అడిగావా? కొత్త అల్లుడు వచ్చినప్పుడు పళ్ళెం నిండుగా లేకపోతే "అత్తగారు చెయ్యి ముడుచుకుంది" అంటారని భయం. అటువాళ్ళు అనరు, మన వీధిలోవాళ్ళే అంటారు. ఆ భయం పోగొట్టకుండా "తగ్గించు అమ్మా" అంటే ఆవిడ నొచ్చుకుంటుంది. వంట రోజు పక్కన కూర్చో. బియ్యం కడిగి ఆరబెట్టేటప్పుడే సగం కొలత తీసెయ్యి. పాకం పట్టాక తగ్గించమంటే తగ్గదు.

ఇంకో సంగతి. అరిసె చిన్నది చెయ్యొచ్చు. అరచేయంత చేస్తాం అలవాటుగా. పూరీ బిళ్ళకి బదులు చెక్క అప్పడం సైజు చేసి, అరిసెల చెక్కల మధ్య గట్టిగా నొక్కితే నూనె చాలా దిగుతుంది. మా ఇంట్లో మూడేళ్ళుగా అలాగే. లెక్కకి నూట యాభై, బియ్యం మాత్రం వెనకటి దాంట్లో సగం. పళ్ళెంలో నిండుగా కనిపిస్తాయి, మర్యాద దక్కుతుంది.

వాణి_నర్సంపేట

లక్ష్మక్కా, ఈ చిన్న అరిసె మాట మా అత్తమ్మకి ఈరోజే చెప్తా.

కొత్తల్లుడు_నిడదవోలు

అల్లుడి వైపు నుంచి ఒక మాట రాస్తాను. నిరుడు నాది మొదటి పండగ. పేపర్లలో వేస్తారే, వందకు పైగా వంటకాలతో అల్లుడికి విందు అని, అంత కాదు గానీ ముప్ఫై దాకా పెట్టారు. అత్తయ్య గారు ఎదురుగా నిలబడి "ఒక్కటి తినలేదు బాబూ" అంటుంటే వద్దనలేకపోయాను. కనుమ నాటికి కడుపు ఉబ్బరం, మూడో రోజు మాత్రలు. అత్తవారింట్లో చెప్పుకోలేను, పడుకోలేను.

నాకు ఆ ముప్ఫైలో గుర్తున్నవి రెండే. గుమ్మడికాయ దప్పళం, అప్పుడే దించిన వేడి బూరె. మిగతావన్నీ మర్యాదకి తిన్నాను. మీ మరిది గారు కూడా అలాగే అయి ఉంటారు. మీ చెల్లి చేత ముందే ఆయన్ని అడిగించండి, ఏది ఇష్టమో. ఆ రెండు మూడూ వేడిగా పెడితే చాలు.

కోనసీమ_పిల్ల

లక్ష్మి గారూ, నేను ఎప్పుడూ అమ్మ వైపు నుంచి ఆలోచించలేదు. ఫోన్ చేస్తే తగ్గించు తగ్గించు అనడమే. ఈ శనివారం ఊరు వెళ్తున్నాను, వంటకి కూర్చుంటాను. కొత్తల్లుడు గారూ, చెల్లికి ఇప్పుడే మెసేజ్ పెట్టాను.

ఇంకొకటి చెప్పడం మర్చిపోయాను. మా ఇంట్లో సంక్రాంతి రోజు పెద్దలకు పెట్టుకుంటాం. నాన్న పొద్దున్నే తలస్నానం చేసి, బట్టలు పెట్టి, ఆకులు వేసి, దండం పెట్టేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టరు. అది అయ్యేసరికి మధ్యాహ్నం ఒకటిన్నర. కాబట్టి ఆ రోజు మధ్యాహ్నం కాస్త ఎక్కువ తిన్నా పొద్దుటి ఉపవాసంతో సరిపోతుందిలే అనుకుంటున్నాను.

తణుకు_మాస్టారు

అమ్మా, ఆగు. పొద్దున్న మాత్ర వేసుకుంటారా?

కోనసీమ_పిల్ల

వేసుకుంటారండి. మాత్ర మానకూడదని డాక్టరు గారు చెప్పారు కదా అని ఒక గుక్క నీళ్ళతో వేసుకుంటారు.

తణుకు_మాస్టారు

నాకు 70 దాటాయి. షుగర్ 2004లో వచ్చింది. నువ్వు రాసినదే నాకు ఆరేళ్ళ క్రితం జరిగింది, పెద్దలకు పెట్టే రోజే. పొద్దున్న ఏడింటికి మాత్ర వేసుకున్నాను. పదకొండున్నరకి ఆకుల్లో వడ్డిస్తున్నాను. చేతులు వణికాయి, చొక్కా తడిసిపోయేలా చెమట పట్టింది. జనవరి చలిలో ఏం చెమట అనుకున్నాను. మాట తడబడింది. మా తమ్ముడు "అన్నయ్యకి పెద్దలు పూనారు" అన్నాడు. మా కోడలు బీఎస్సీ నర్సింగ్ చదివిన పిల్ల. పరుగెత్తుకొచ్చి వేలు గుచ్చి చూస్తే 48. ఆ పిల్ల ఇంట్లో లేకపోతే ఏమయ్యేదో నేను రాయలేను.

పెద్దల మీద నాకు భక్తి ఉంది. ఆ ఏటి నుంచి పొద్దున్న రెండు ఇడ్లీలు తిని, మాత్ర వేసుకుని, మళ్ళీ స్నానం చేసి ఆకులు వేస్తున్నాను. మా పురోహితుడిని అడిగితే ఆయనే చెప్పారు, రోగికి మినహాయింపు ఉందని. మీ నాన్నగారితో ఈ మాట నువ్వు చెప్పకు. మీ పురోహితుడి చేత చెప్పించు. కూతురి మాట కంటే త్వరగా వింటారు.

శారద_డైటీషియన్

మాస్టారు గారు రాసినది ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యం. షుగర్ మాత్రలన్నీ ఒకటి కావు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి ఖాళీ కడుపుతో షుగర్ బాగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి, ఇన్సులిన్ అలా కాదు. అవి వేసుకుని తినకపోతే పడిపోతుంది. మీ నాన్నగారి చీటీ చూసి, పండగ రోజు భోజనం ఆలస్యమవుతుందని చెప్పి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టరు గారినే అడగండి. మీ అంతట మీరు మానేయకండి, మార్చకండి.

షుగర్ 70 కంటే తగ్గితే, స్పృహలో ఉండి మింగగలిగితే, మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి, లేదా గ్లూకోజ్ పొడి. పదిహేను నిమిషాలకి మళ్ళీ చూడండి. ఇంకా తక్కువుంటే మళ్ళీ అంతే ఇవ్వండి. పెరిగాక భోజనం పెట్టండి. ఎదురుగా ఉంది కదా అని అరిసె మాత్రం పెట్టకండి. అందులో నూనె వల్ల తీపి ఒంటికి ఆలస్యంగా అందుతుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

పొద్దున్న ఉపవాసంతో మధ్యాహ్నం ఎక్కువ తిన్నది సరిపోతుందన్న లెక్క షుగర్ లేనివాళ్ళకి కూడా పనిచేయదు. ఆకలి మీద కూర్చుంటే మొదటి పది నిమిషాల్లో చెయ్యి ఆగదు.

కోనసీమ_పిల్ల

గ్లిమెపిరైడ్ ఉందండి. ఇప్పుడే అమ్మ చేత చీటీ ఫొటో తీయించి చూశాను. నాకు చేతులు చల్లబడ్డాయి. నిరుడు పెద్దలకు పెట్టేటప్పుడు నాన్న విసుగ్గా ఉన్నారు, చెమటలు పట్టాయి. పొయ్యి దగ్గర వేడికి అనుకున్నాం. ఆకలి మీద కూర్చుని రెండు అరిసెలు గబగబా తిన్నది, మూడోది నేను తీసేసింది అప్పుడే.

మాస్టారు గారూ, మీరు అడగకపోయి ఉంటే నాకు తట్టేది కాదు.

తణుకు_మాస్టారు

బాధపడకు తల్లీ. రేపే డాక్టరుకి ఫోన్ చెయ్యి.

పాలకొల్లు_శీను

నేను మొదట్లో వదిలెయ్యండి అన్నాను. మాస్టారి పోస్టు చదివాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా బాబాయి కూడా ఖాళీ కడుపుతోనే పెడతాడు. ఇప్పుడే ఫోన్ చేశాను.

ఇంకో మాట, ఇది మగవాళ్ళ కోసం. పందేల బరి దగ్గర పొద్దుటి నుంచి తిండి లేకుండా మందు తాగుతూ నిలబడతారు కొందరు, షుగర్ మాత్ర వేసుకుని. అది కూడా ఇలాంటిదేనా?

శారద_డైటీషియన్

అంతకంటే ప్రమాదం. మద్యం కూడా షుగర్‌ని పడగొడుతుంది. పైగా వణుకు, తడబాటు చూసి తాగాడులే అని పక్కవాళ్ళు వదిలేస్తారు.

మేరీ_ఏలూరు

మాకు ఈ సీజన్ డిసెంబర్‌లోనే మొదలు. క్రిస్మస్‌కి గులాబీ పువ్వులు, కేకు, కజ్జికాయలు. అవి అయ్యేలోపు న్యూ ఇయర్ కేకు, అది అయ్యేలోపు పక్కింటివాళ్ళ అరిసెలు. మేమూ తిరిగి పంపాలి కదా. నాకు బీపీ ఉంది. నన్ను దెబ్బతీసింది తీపి కాదు, జంతికలు, చేగోడీలు, పండగ భోజనంలో అప్పడాలు, వడియాలు, ఆవకాయ. జనవరిలో నా బీపీ ఎప్పుడూ ఎక్కువే. ఇప్పుడు జంతికల పిండిలో ఉప్పు మూడో వంతు తగ్గించి వాము, నువ్వులు పెంచాను. ఎవరూ కనిపెట్టలేదు.

డబ్బా సంగతికి మా అమ్మ చేసిన పని చెప్తాను. క్రిస్మస్ మర్నాడు ఇంట్లో ఉన్నదంతా పొట్లాలు కట్టి పంచేసేది. ఇంటికి ఒక్క చిన్న డబ్బా ఉంచేది. అది అయిపోతే అయిపోయినట్టే.

అత్తిలి_లక్ష్మి

మేరీ గారు చెప్పినది మన పద్ధతే. సారె ఎందుకు పంపుతారు? ఆడపిల్లతో పాటు కావిళ్ళ మీద పిండివంటలు వచ్చేవి. ఆ వీధంతా ఇంటింటికీ పంచితే గానీ సారె వచ్చినట్టు కాదు. పిండివంట అంటేనే పంచడానికి చేసేది. మా చిన్నప్పుడు పనివాళ్ళకి, చాకలికి, మంగలికి, గంగిరెద్దుల వాళ్ళకి, హరిదాసుకి పెట్టగా పెట్టగా మాకు మిగిలేవి ఓ గిన్నెడు. ఇప్పుడు అంతే చేస్తున్నాం, పంచడం మానేశాం. పక్కింటివాళ్ళ ఇంట్లోనూ ఉన్నాయి కదా, ఎందుకులే అని. అందుకే డబ్బాలు నిండుతున్నాయి.

నెల్లూరు_కిరణ్

లక్ష్మి గారూ, ఒక్క దగ్గర ఒప్పుకోలేను. నిలవ ఉండాలనే అరిసెలు, జంతికలు చేసేవారు. మా తాతయ్య రోజూ పొలం వెళ్తూ తువ్వాల్లో రెండు అరిసెలు కట్టుకునేవాడు. మాఘమాసం దాకా.

తణుకు_మాస్టారు

కిరణ్, నువ్వు చెప్పిందీ నిజమే, లక్ష్మమ్మ చెప్పిందీ నిజమే. మీ తాతయ్య ఆ రెండు అరిసెలు తిని ఎన్ని గంటలు మడిలో వంగున్నాడో చూడు. నేను తిని పడక్కుర్చీలో కూర్చుంటాను.

ఉష_బెజవాడ

అసలు పండగ రోజు ఆకులో ఏం ఉండాలో ఎవరైనా చెప్పండి. వద్దు అన్నవే వింటున్నాం.

శారద_డైటీషియన్

సంక్రాంతి వచ్చేది మంచి కూరల కాలంలో. చిక్కుడుకాయలు, వంకాయలు, ముల్లంగి, గుమ్మడి, పాలకూర, అన్నీ లేతగా దొరుకుతాయి. కానీ పండగ ఆకులో కూర ఓ మూల చెంచాడు, పులిహోర గుట్ట. దాన్ని తిరగేయండి. ఆకులో సగం కూరలు, పప్పు. ముందు అవి తినాలి, తర్వాత అన్నం, చివర తీపి. ఈ వరస ఒక్కటి పాటించినా తిన్న తర్వాత షుగర్ అంత ఎత్తుకు ఎగరదు. పులిహోర, అన్నం రెండూ పెట్టుకుంటే రెండూ సగం సగం. తీపిలో ఏది బాగా ఇష్టమో అది ఒక్కటి, నిదానంగా. కంద, పెండలం కూరలా కనిపించినా పిండిపదార్థమే, అన్నం లెక్కలో వేయండి.

తిన్నాక పదిహేను నిమిషాలు నడవాలి. కొత్తబట్టలు కట్టుకుని వీధిలో ముగ్గులు చూసి రండి, అంతే.

ఒకటి మర్చిపోయాను. వేయించిన నూనెను మళ్ళీ మళ్ళీ కాచి గారెలకి, జంతికలకి వాడకండి. వడకట్టి ఒకటి రెండు రోజుల్లో తాలింపుల్లో వాడేయండి.

వాణి_నర్సంపేట

మా దగ్గర భోగికి నువ్వులద్దిన సజ్జరొట్టె, చిక్కుడు వంకాయ కలిపిన కూర చేస్తాం. చిన్నప్పుడు పేదోళ్ళ తిండి అనేవాళ్ళు, ఈసారి మామయ్యకి రాత్రి అదే పెడతా.

పాలకొల్లు_శీను

కనుమ సంగతి చెప్పండి. ఆ రోజు మినుము తినాలి కదా, గారె లేకుండా కనుమ ఎలా? అందులోకి నాటుకోడి. దీని మీద నేను రాజీ పడను.

అత్తిలి_లక్ష్మి

నాటుకోడి ఉంచుకో శీనూ. మినుము తినాలన్నారు గానీ నూనెలోనే తినాలని ఎవరూ అనలేదు. ఆవిరి కుడుము వెయ్యండి. మా అమ్మమ్మ కనుమ పొద్దున్న కుడుమే వేసేది, అల్లం పచ్చడితో. కోనసీమలో మీకు చెప్పాలా, పనసాకు బుట్టల్లో ఆవిరి మీద ఉడికించే అంబాజీపేట పొట్టిక్కలు మీ పక్కనే.

కోనసీమ_పిల్ల

ఇది నాన్నకి చాలా ఇష్టం! నానమ్మ పోయాక ఇంట్లో ఎవరూ వెయ్యలేదు.

శారద_డైటీషియన్

చాలా మంచి ఆలోచన. గారె పిండే, నూనె లేదు. పప్పు కాబట్టి కడుపు నిండుతుంది, షుగర్ నెమ్మదిగా పెరుగుతుంది.

కోనసీమ_పిల్ల

ముక్కనుమ రాత్రి రాస్తున్నాను. ఇప్పుడే అందరూ పడుకున్నారు.

డాక్టరు గారితో మాట్లాడాం. పెద్దలకు పెట్టే రోజు మాత్ర టైము ఆయనే మార్చి చెప్పారు. పురోహితుడు గారి చేత చెప్పిస్తే నాన్న మారుమాట లేకుండా పొద్దున్న ఇడ్లీ తిన్నారు. పదకొండింటికి చూస్తే 116. ఆకులు వేసేటప్పుడు గొంతు మామూలుగా ఉంది, నానమ్మ పేరు చెప్తూ ఆగి నవ్వారు కూడా.

అరిసెలు చిన్నవి చేశాం, లక్ష్మి గారి కొలతతో. అమ్మ మొదట ఒప్పుకోలేదు. తొలి వాయి పళ్ళెంలో పేర్చి చూపిస్తే ముద్దుగా ఉన్నాయంది. మరిది గారికి బూరెలు, పనసపొట్టు కూర ఇష్టమట. రెండూ వేడిగా పెట్టాం, రెండోసారి అడిగి వేయించుకున్నారు.

నాన్న మధ్యాహ్నం ఒక పోకుండ, ఒక అరిసె తిన్నారు. నేను ఆకు వైపు చూడలేదు. రెండు గంటల తర్వాత 189. నిరుడు ఇదే రోజు సాయంత్రం 290 ఉంది. సాయంత్రం నాన్నా నేనూ కాలవ గట్టు దాకా నడిచాం. నిరుడు జరిగినదానికి క్షమించమన్నాను. "నువ్వు తీసినందుకు కాదమ్మా, అందరూ చూశారని" అన్నారు. ఇంకేమీ మాట్లాడుకోలేదు.

ఇవాళ అమ్మా చెల్లీ నేనూ కూర్చుని పొట్లాలు కట్టాం. మా కొబ్బరితోట దింపు కార్మికులకి, వీధిలో పదకొండు ఇళ్ళకి, బడిలో వంట చేసే ఆవిడకి. ఇంట్లో మిగిలింది ఒక డబ్బా, అది అమ్మ చెల్లితో పంపేస్తోంది. జంతికలు మాత్రం సగం డబ్బా ఉన్నాయి, వాటి సంగతి ఇంకా తేలలేదు. మూడు నెలల పరీక్ష మార్చిలో చేయిస్తాం, ఇక్కడే రాస్తాను.

తణుకు_మాస్టారు

116. ఈ అంకె చూసి నేను పండగ చేసుకున్నాను.

వాణి_నర్సంపేట

చదువుతుంటే కళ్ళు తడిసినయి. కనుమకి కుడుము వేశారా? మా అత్తమ్మ అడుగుతోంది, పిండిలో రవ్వ ఎంత కలపాలి?

కోనసీమ_పిల్ల

వేశాం. రవ్వ వెయ్యకూడదట వాణి గారూ, ఒట్టి మినప్పప్పే. నాలుగు గంటలు నానబెట్టి, నీళ్ళు తక్కువ పోసి మెత్తగా రుబ్బాలి. గిన్నె మీద తడిబట్ట కట్టి దాని మీద వేయాలి. బట్ట వదులుగా కడితే మధ్యలో కుంగుతుంది, మాకు మొదటిది అలాగే అయింది. నాన్న అదే కావాలన్నారు, నానమ్మ వేసినదీ అలాగే ఉండేదట.